తోటరాముడి అసలు నాన్న ఎవరు?

మే నెలలో పది రోజులు ఊళ్ళో ఉన్నాను. మా చెల్లి, దాని తొమ్మిదేళ్ళ కూతురు కూడా వచ్చారు. పగలంతా ఎండ, బయట అడుగు పెట్టే పని లేదు. ఒక రాత్రి అన్నాలయ్యాక అమ్మ 'పాతాళభైరవి పెట్టరా, దీనికి చూపిద్దాం' అంది. టీవీలో పెట్టాను. రంగులు లేవేంటని పిల్ల మొదట కాస్త గునిసింది. మాంత్రికుడు తెరమీదికి వచ్చేసరికి ఆ మాట మర్చిపోయి మా అమ్మ ఒళ్ళోకి జరిగింది.

అరగంట పోయాక నా చెయ్యి లాగి అడిగింది. 'మామయ్యా, తోటరాముడి అసలు నాన్న ఎవరో ఎప్పుడు చెప్తారు?'

'అసలు నాన్న ఏంటమ్మా? తోటమాలి కదా.'

'అది కాదు. అసలు నాన్న. రాజు కదా?'

'కాదు, తోటమాలే' అన్నాను. కథ ముందే చెప్పేస్తే బాగోదని దాస్తున్నాననుకుంది. సినిమా అయ్యేదాకా కాచుకుని కూచుంది. చేతిమీద పచ్చబొట్టో, మెడలో తాయెత్తో బయటపడుతుందని, ముసలి సేనాపతి ఎవరో వచ్చి కాళ్ళమీద పడతాడని చూసింది. రాముడు మాంత్రికుణ్ణి గెలిచాడు, రాజకుమారి ఇందుమతిని తెచ్చుకున్నాడు, కథ అయిపోయింది. పిల్ల ముఖంలో తృప్తి లేదు. 'రెండో పార్ట్ ఉందా?' అని అడిగింది.

లేదని చెప్పి పడుకోబెట్టాను గానీ నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల తెలివిగలది. తను చూసిన కథలనుంచి ఒక నియమం తనంతట తానే పట్టుకుంది. కత్తి బాగా తిప్పేవాడు, భయం లేనివాడు, రాజకుమారి ఇష్టపడినవాడు ఎక్కడ పెరిగినా రాజు కొడుకే అయి ఉంటాడన్నది ఆ నియమం. అది ఎంత గట్టిగా మనసులో పడిందంటే, కథ కళ్ళముందే 'కాదు' అంటున్నా కథలో ఏదో మిగిలిపోయింది అనుకుందిగానీ నియమం తప్పేమో అనుకోలేదు.

మన జానపద సినిమా గురించి చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న మాట ఒకటి ఆ ప్రశ్నతో బయటికి వచ్చింది. గ్రాఫిక్స్ పెరిగాయి, గుర్రాలు పెరిగాయి, కోటలు ఆకాశానికి అంటాయి. కానీ రాజు కొడుకు కాని వీరుణ్ణి మనం పోగొట్టుకున్నాం. జానపదం తిరిగి రావాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. వచ్చేటప్పుడు తోటరాముణ్ణి కూడా వెంటపెట్టుకు రావాలన్నది నా కోరిక.

పోగొట్టుకున్నాం అన్నాను కదా

ఈ మాట అనగానే 'పాతవన్నీ బంగారం, కొత్తవన్నీ ఇత్తడి అంటావా' అని అడిగేవాళ్ళుంటారు. నేనలా అనడం లేదు, ఎందుకంటే అది నిజం కాదు. దారితప్పి పెరిగిన రాజకుమారుడు కొత్తగా పుట్టినవాడేమీ కాదు. పాతాళభైరవికి రెండేళ్ళ ముందే, 1949లో కీలుగుర్రం వచ్చింది. అందులో విక్రముడు అడవిలో పెరుగుతాడు. నిజానికి రాజుగారి కొడుకు, తల్లిమీద నింద పడి అడవిపాలైంది. 1962 నాటి గులేబకావళి కథలోనూ అంతే. కొడుకుని చూస్తే తండ్రికి చూపు పోతుందన్న జోస్యం వల్ల దూరంగా పెరిగిన రాజకుమారుడు అందులో నాయకుడు. 1961లో జగదేకవీరుడు కోరిక చెప్పి దేశబహిష్కారం తెచ్చుకుంటాడు, అతనూ యువరాజే. కాంతారావు గారు కత్తి పట్టిన సినిమాల్లో మారువేషంలో ఉన్న రాజకుమారులని లెక్కపెట్టడం మొదలుపెడితే ఒక రాత్రి చాలదు.

1994లో భైరవద్వీపం వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. నాలుగుసార్లు చూశాను. జానపదం చచ్చిపోలేదని ఆనందపడ్డాను. అందులోనూ విజయ్‌ని గూడెంలో పెంచుతారు, చివరికి చూస్తే రాజు రక్తమే.

2015లో బాహుబలి మొదటి భాగం. జలపాతం ఎక్కుతున్న శివుణ్ణి చూస్తూ నా ఒళ్ళు పులకరించింది. గూడెంలో పెరిగిన పిల్లవాడు, పైన ఏముందో చూడాలన్న ఒక్క ఆశతో పడుతూ లేస్తూ ఎక్కుతున్నాడు. ఆ సినిమా మొత్తంలో నాకు ఇప్పటికీ ఇష్టమైన భాగం అదే. తర్వాత కట్టప్ప అతని ముఖం చూస్తాడు, అతని పాదాన్ని ఎత్తి తన తలమీద పెట్టుకుంటాడు. థియేటర్ దద్దరిల్లింది. నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికి వచ్చాక అర్థమైంది నన్ను ఏది ఇబ్బంది పెట్టిందో. అప్పటిదాకా శివుడు ఎక్కిన జలపాతానికి ఆ క్షణంలో ఇంకో అర్థం వచ్చింది. ఎక్కగలిగాడు కాబట్టి గొప్పవాడు కాదు, గొప్పవాడి కొడుకు కాబట్టి ఎక్కగలిగాడు. కట్టప్పకి తెలిసింది ముఖం చూసే, పని చూసి కాదు. ఆ రాజ్యంలో అందరికన్నా ఎక్కువకాలం, ఎక్కువ నిష్ఠగా కత్తి పట్టినవాడు కట్టప్పే. అతను ఆ సింహాసనానికి బానిస.

లెక్క చూస్తే తోటరాముడే ఒంటరివాడు. పోగొట్టుకున్నాం అనే మాటకి ముందు, మన దగ్గర ఉన్నదే ఒకరో ఇద్దరో అని ఒప్పుకోవాలి. అదే 1951 చివర్లో వచ్చిన మల్లీశ్వరిలో నాగరాజు శిల్పి. పల్లెటూరి బావ. రాయలవారి అంతఃపురానికి వెళ్ళిపోయిన మరదలి కోసం తపించిపోతాడు. రెండు వేషాలూ వేసింది ఎన్టీఆరే. ఒకే ఏడాదిలో ఒక తోటమాలి కొడుకు, ఒక శిల్పి రాజభవనాల గోడల దాకా వెళ్ళారు.

ఆ ఏడాది ఎలాంటిదో కూడా గుర్తుచేసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దు చేసిన చట్టం 1948ది. నైజాం ప్రాంతంలో జాగీర్లు పోయింది 1949లో. మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరులో మొదలై మరుసటి ఏడాది ఫిబ్రవరి దాకా జరిగాయి. పాతాళభైరవి విడుదల 1951 మార్చి 15. రాజుగారి ఓటూ తోటమాలి ఓటూ ఒకటేనని దేశం మొదటిసారి అనబోతున్న రోజులవి. కథ రాసినవాళ్ళు ఇదంతా ఆలోచించే రాశారని నేను అనను. నేల టికెట్టుమీద కూచుని చూసినవాడికి మాత్రం ఆ గాలి తగిలే ఉంటుంది. కీలుగుర్రం తీసింది మీర్జాపురం రాజావారు, అంటే మా నూజివీడు ప్రాంతపు జమీందారు గారే. దాన్నించి పెద్ద సిద్ధాంతం లాగను, ఆయన సినిమాని ప్రేమించి తీశారు. మా ఊరికి అంత దగ్గరి సంగతి కాబట్టి చెప్పాలనిపించింది.

నరుడా అన్న పిలుపు

మర్నాడు పాతాళభైరవి మళ్ళీ చూశాను, ఈసారి ఒక్కణ్ణే. పిల్ల ప్రశ్న పక్కన పెట్టుకుని చూస్తే ఇన్నేళ్ళూ కనపడనివి కనపడ్డాయి.

ఇందుమతిని పెళ్ళాడాలనుకునేవాళ్ళు కోటలో ఇద్దరు. ఒకడు రాముడు. రెండోవాడు రాజుగారి బావమరిది సూరసేనుడు. రేలంగి గారు వేశారు కాబట్టి అతన్ని చూసి నవ్వుకుని వదిలేస్తాం. కానీ ఆలోచించండి, అతను ఆ పిల్లకి మేనమామ. మన ఇళ్ళల్లో మేనమామకి మేనకోడలిమీద హక్కు అనే మాట ఎంత మామూలుగా వినపడేదో పెద్దవాళ్ళకి తెలుసు. సూరసేనుడు ఏ సాహసమూ చెయ్యక్కర్లేదు, పుట్టుకతోనే వరుస కుదిరిపోయింది. రాముడికి ఏ వరుసా లేదు. కథలో రాజకీయం అంతా ఈ ఇద్దరి మధ్యే. పుట్టుకతో హక్కున్నవాడు పిరికివాడు, ఏ హక్కూ లేనివాడు ధైర్యవంతుడు. చివరికి రాముడికి దొరికిన, కోరింది ఇచ్చే శక్తిబొమ్మని దొంగిలించి మాంత్రికుడికి అందించేది సూరసేనుడే. కోట లోపలివాడే కోటని అమ్మేస్తాడు.

రాజుగారి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అంతఃపురంలో దొరికిపోయిన రాముణ్ణి చంపించకుండా ఒక షరతు పెడతాడు. తనతో సమానంగా సంపద సాధించుకు రమ్మంటాడు. క్రూరమైన షరతే. కానీ అందులో కులం గోత్రం లేదు, వంశం లేదు. 'నువ్వు ఎవరి కొడుకువి' అనే ప్రశ్నకి జవాబు మార్చుకోవడం ఎవరి చేతుల్లోనూ లేదు. 'నీ దగ్గర ఏముంది' అనే ప్రశ్నకి జవాబు మార్చుకోవచ్చు.

మాంత్రికుడు రాముణ్ణి ఏమని పిలుస్తాడో అందరికీ తెలుసు, డింభకా అని. కుర్రవాడా అని అర్థం. పాతాళభైరవి ప్రత్యక్షమై ఏమంటుంది? 'నరుడా' అంటుంది. మనిషీ, నీకేం కావాలి అని అడుగుతుంది. అంతే. దేవత కూడా తండ్రి పేరు అడగలేదు. చిన్నప్పటినుంచి వింటున్న ఆ పిలుపుని ఈసారి మొదటిసారి విన్నట్టు విన్నాను.

ఈ కథకి మూలం కాశీమజిలీ కథల్లో ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారు పన్నెండు భాగాలు రాశారు. ఆ కథలన్నీ ఎవరికి చెప్పినవి? కాశీకి నడిచి వెళ్ళే మణిసిద్ధుడు తోడు వచ్చిన పశువుల కాపరి పిల్లవాడికి చెప్పినవి. ప్రతి మజిలీలోనూ తను అడిగినదానికి కథ చెప్పాలని పిల్లవాడు షరతు పెట్టాకే బయల్దేరాడు. రాజుల కథలన్నీ గొల్లపిల్లవాడు అడిగితే బయటికొచ్చాయి. పాతాళభైరవిలో అల్లావుద్దీన్ కథ నీడ కూడా ఉందని చాలామంది అంటారు, నిజమే. ఆ అల్లావుద్దీన్ దర్జీ కొడుకు. ఆ కథని 1709లో పారిస్‌లో గలాన్ అనే ఫ్రెంచి అనువాదకుడికి చెప్పినవాడు అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే కుర్రవాడు. దర్జీ కొడుకు కథ చివరికీ దర్జీ కొడుకే. అంటే మన తోటరాముడికి పూర్వీకులు లేకపోలేదు, వాళ్ళు రాజులు కారు, అంతే.

ఎవరి తాలూకు?

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, మా తాత నూజివీడు దగ్గర మామిడితోటలకి కాపలా ఉండేవాడు. పూత నిలిచిన దగ్గర్నుంచి కాయ దింపేదాకా కాపురం తోటలో పాకలోనే. చేతిలో కర్ర, నడుముకి రాళ్ళు విసిరే వడిసెల. చిలకలు, కోతులు, రాత్రిళ్ళు దొంగలు. తోట ఎవరిదైనా, గుత్తకి ఎవరు పట్టినా, కాపలా మాత్రం మా తాతదే. చిన్నరసాలు ఏ చెట్టువి ముందు పండుతాయో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలిసేది కాదు. ఒక్క చెట్టూ ఆయనది కాదు.

పాతాళభైరవి మా ఊరి పక్కకి టూరింగ్ టాకీసులో వచ్చింది. అప్పటికి సినిమా విడుదలై కొన్నేళ్ళు. తాత మా నాన్నని భుజమ్మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడట. మూడురోజులు వరసగా వెళ్ళారు. తర్వాత ఆ ఎండాకాలమంతా పాక దగ్గర చేరిన పిల్లలకి తాత అదే కథ చెప్పేవాడు. చెప్పేటప్పుడు ఒక మార్పు చేసేవాడట, తోటరాముడి చేతిలో కత్తితో పాటు వడిసెల కూడా ఉండేది. మొసలిని వడిసెల రాయితోనే కొట్టేవాడు.

ఊళ్ళో కొందరు మా నాన్నని తోటరాముడు అని పిలవడం మొదలుపెట్టారు. అది ఎగతాళి. మా తాతకి అది ఎగతాళిలా వినపడలేదు. 'ఒరే తోటరాముడూ' అని ఆయనా అలాగే పిలిచేవాడు. నాన్న చదువుకున్నాడు, ఉద్యోగం చేశాడు, ఊళ్ళో ఇల్లు కట్టాడు. తను పోయేదాకా ఆ పేరంటే ఆయనకి ఇష్టం.

మా ప్రాంతంలో కొత్త మనిషి కనపడితే మొదటి మాట 'ఎవరబ్బాయివి?' తర్వాతది 'ఎవరి తాలూకు?' ప్రేమగా అడిగేవాళ్ళూ ఉన్నారు, కాదనను. వరస కలుపుకోవడానికి, ముసలివాళ్ళ యోగక్షేమం తెలుసుకోవడానికి అడుగుతారు. కానీ ఆ ప్రశ్నకి 'తోట కాపలా ఆయన మనవణ్ణి' అని చెప్పినప్పుడు ఎదుటివాళ్ళ గొంతులో ఏం మారుతుందో చెప్పినవాడికే తెలుస్తుంది.

ఏడో తరగతిలో వార్షికోత్సవానికి మా బడిలో రాజుల నాటకం వేశారు. యువరాజు మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. అడిగితే అందరి మాటలూ వచ్చు. నన్ను భటుణ్ణి చేశారు. యువరాజు వేషం ఇంకో అబ్బాయికి ఇచ్చారు. వాళ్ళింట్లో పట్టుపంచె, జరీ కండువా ఉన్నాయన్నారు. అది రాజుగారి షరతు లాంటిదే, దాన్ని తట్టుకున్నాను. తర్వాత మాస్టారు ఒకాయన నా గడ్డం పట్టుకుని 'రాజు వేషానికి ముఖంలో ఆ కళ ఉండాలిరా' అన్నారు. ఆయన మంచివాడు, ఆ మాట చెడ్డ మనసుతో అనలేదు. నలభై ఏళ్ళయినా అది నాకు గుర్తుంది. కట్టప్ప ముఖం చూసి మోకరిల్లినప్పుడు చప్పట్లు కొడుతూనే నేనెందుకు ఉలిక్కిపడ్డానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

నా వాదనకి అడ్డొచ్చేవి

ఇదంతా ఒక మిత్రుడికి ఫోన్లో చెప్పాను. అతను నాకన్నా ఎక్కువ జానపదాలు చూసినవాడు. చాలాసేపు విని, 'నువ్వు తల్లిని మర్చిపోతున్నావు' అన్నాడు. దారితప్పిన రాజకుమారుడి కథ రక్తం గొప్పది అని చెప్పే కథ కాదట. బిడ్డ కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసిన తల్లి కథ అట. ఇరవై అయిదేళ్ళు గొలుసుల్లో ఉన్న దేవసేన ముందు కొడుకు నిలబడితే చప్పట్లు కొట్టేది సింహాసనం కోసం కాదు, తల్లి కోసం. రేపల్లెలో పెరిగిన కృష్ణుణ్ణి మనం ప్రేమించింది దేవకి కొడుకనా, యశోద కొడుకనా?

ఆ మాట నన్ను చాలా రోజులు ఆపింది. నిజముంది. కోల్పోయిన బిడ్డ దొరకడం కన్నా పెద్ద సంతోషం కథల్లో లేదు. బీదపిల్లవాడు రాత్రిపూట చుక్కలు చూస్తూ 'నేనూ ఎక్కడో రాజుగారి అబ్బాయినేమో' అనుకోవడం ఒక ఓదార్పు, దాన్ని ఎవరైనా ఎందుకు లాక్కోవాలి?

అయినా కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి ఆ ఓదార్పు నాకు నిలవడం లేదు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుడు అర్జునుడికి ఎదురు నిలబడితే కృపాచార్యుడు అడిగింది అదే ప్రశ్న, నీ కులమేది, నువ్వెవరి కొడుకువి అని. ఆ ఘట్టంలో దుర్యోధనుడి జవాబు మన తెలుగువాళ్ళకి ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. ఎన్టీఆర్ ఆ మాటలు అంటుంటే నేల టికెట్టు వాళ్ళు లేచి నిలబడేవారు. కానీ కథ కర్ణుణ్ణి సూతుడి కొడుకుగా ఉండనివ్వలేదు. కుంతి కొడుకు, సూర్యుడి కొడుకు అని తేలుస్తుంది. పుట్టుకని కాదని చేసిన అంత గొప్ప వాదన ఒక రాజకుమారుడి పక్షాన చేసినట్టయింది. రాధ పెంపకానికి, అధిరథుడి ఇంటికి ఆ వీరత్వంలో వాటా రాలేదు. నా మిత్రుడు తల్లి గురించి అన్నాడు కదా, మరి పెంచిన తల్లి సంగతి? శివుణ్ణి పెంచిన సంగని రెండో భాగంలో ఎంతసేపు చూశాం?

ఇంకో అడ్డు నాకు నేనే పెట్టుకున్నది. తోటరాముడు మాత్రం కష్టపడి సంపాదించాడా? బొమ్మని అడిగితే మేడ వచ్చింది. కష్టజీవి గెలిచాడు అనడానికి అదేం కష్టం? ఈ సందేహం తోసేయదగ్గది కాదు. అయితే కథ కూడా ఆ మేడని నమ్మినట్టు లేదు. పెళ్ళిపీటల దాకా వచ్చిన సంపదంతా ఒక్క క్షణంలో పోతుంది. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది, మంచివాడని, తోటమాలి అని దానికి ప్రేమ లేదు. రెండో సగంలో రాముడు ఉత్త చేతులతో, స్నేహితుడు అంజి తోడుగా బయల్దేరతాడు. దారిలో దొరికిన మాయ వస్తువులు సాయపడతాయి, అది ఒప్పుకుంటాను. కానీ నాకు ఆ రెండో ప్రయాణమే అసలు పరీక్ష అనిపిస్తుంది. మేడ పోయింది, తోటమాలి కొడుకు మళ్ళీ తోటమాలి కొడుకే అయ్యాడు. అలాగే వెళ్ళి గెలిచాడు.

మూడో అడ్డుకి నా దగ్గర జవాబు లేదు. అది కూడా మా మేనకోడలే అడిగింది. 'ఇందుమతికి కత్తి ఎందుకివ్వలేదు?' సాహసం చేస్తే రాజకుమారి లభిస్తుంది అంటాడు మాంత్రికుడు. లభిస్తుంది అనే మాట నిధికి వాడేది, బహుమతికి వాడేది. ఇందుమతి ఏడుస్తుంది, పాడుతుంది, రాముణ్ణి తప్ప ఒల్లనని గట్టిగా నిలబడుతుంది. ఆ నిలబడటం చిన్నది కాదు. కానీ కథ నడిచేది ఆమె అడుగులతో కాదు. నేను తోటమాలి కొడుకు వైపునుంచి చూస్తూ ఇన్నేళ్ళూ సంబరపడ్డాను, నా పక్కన కూచున్న ఆడపిల్ల ఎటువైపునుంచి చూడాలో ఆలోచించలేదు. బాహుబలిలో దేవసేన, అవంతిక కత్తి పట్టారు, ఆ మేరకు కొత్త సినిమా పాతదానికన్నా ముందుంది. ఇది నా వాదనకి నష్టమే అయినా రాయకుండా ఉండలేను.

జానపదం పిల్లల కోసమే అంటే

కొందరు మిత్రులు 'చిన్నపిల్లల కథకి ఇంత గొడవెందుకు' అంటారు. నాకు సరిగ్గా అందుకే అనిపిస్తుంది. సాంఘిక సినిమాలో నాయకుడు కూలివాడైనా, ఆటోడ్రైవరైనా పెద్దవాళ్ళం మనం ఏదో ఒకటి సర్దుకుని చూస్తాం. కత్తి, కోట, రాజకుమారి ఉన్న కథ మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి చూసేది. అమ్మమ్మ, కూతురు, మనవరాలు ఒకే మంచమ్మీద కూచుని చూసే సినిమాలు మనకి ఎన్ని మిగిలాయి? ఆ మంచమ్మీద చూసినది పిల్లలకి లోపలే ఉండిపోతుంది. ధైర్యం అంటే ఏంటి, అది ఎవరికి వస్తుంది అనేది వాళ్ళు అక్కడ నేర్చుకుంటారు. చందమామలో చిన్న కథలు చదివి పెరిగినవాళ్ళకి ఇది తెలుసు. రాజుగారి చిక్కుప్రశ్నకి రైతు జవాబు చెప్పేవాడు, కుమ్మరి కూతురు చెప్పేది. రాజు ఆశ్చర్యపోయేవాడు. ఆ పిల్ల అసలు ఎవరి కూతురో అని మనం చివరి పేజీ దాకా వెతకలేదు.

మళ్ళీ జానపదాలు తీస్తున్నారు, ఇంకా తీస్తారు. తీసేవాళ్ళని నేను కోరేది ఒకటే. ఒక్కసారి పుట్టుమచ్చ లేకుండా తీయండి. కుమ్మరి కొడుకుని చివరిదాకా కుమ్మరి కొడుకుగానే ఉండనివ్వండి. సింహాసనం ఇస్తారో మానతారో మీ ఇష్టం, నాన్నని మాత్రం మార్చకండి. కత్తి ఎక్కడ నేర్చుకున్నాడు అంటే చెప్పడానికి దారులు బోలెడు. చెరుకు నరికే చేతికి, తాటిచెట్టు ఎక్కే కాళ్ళకి, పడవ నడిపే భుజానికి కత్తి కొత్త కాదు.

మేం హైదరాబాద్ బయల్దేరే ముందురోజు సాయంత్రం పిల్లని తీసుకుని తాత కాపలా ఉన్న తోటకి వెళ్ళాను. ఇప్పుడది ఇంకెవరిదో. కాయ దింపడం దాదాపు అయిపోయింది, చిక్కాలు చెట్లకి ఆనించి ఉన్నాయి. పాక ఉన్నచోట రేకుల షెడ్డు ఉంది. పిల్ల అటూ ఇటూ తిరిగి, నా ఫోన్ అడిగి, ఏదో రాసుకోవాలంది. కాసేపాగి చదివి వినిపించింది. 'తోటరాముడికి ఒక చెల్లి ఉంది. వాళ్ళ నాన్న మామిడితోట కాపలా. ఒకరోజు కోటలో దొంగలు పడ్డారు.' అక్కడ ఆగిపోయింది.

'తర్వాత?' అన్నాను.

'ముందు ఇది చెప్పు. వడిసెల రాయి ఎంత దూరం వెళ్తుంది?'

నాన్న చెప్పినది చెప్పాను. తాత ఈ గట్టుమీద నిలబడి విసిరితే ఆ చివరి చెట్టుమీద చిలకలు లేచేవట. పిల్ల గట్టుమీదినుంచి చివరి చెట్టు వైపు చూసి, పెదవులు కదుపుతూ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం మొదలుపెట్టింది.